భువనగిరి బండ నుంచి ఎవరెస్టు దాకా

సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న సామర్లకోట వంటి ఊళ్ళవారికి పర్వతారోహణ దూరపు విషయంగా తోచవచ్చు గాని, 2014 మే 25న ఎవరెస్టు శిఖరంపై నిలిచిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తెలుగునాట పేద కుటుంబాలలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులాలలో చదువుకున్న పిల్లలే. అప్పటికి పద్నాలుగేళ్ళైనా నిండని పూర్ణ ఆ శిఖరాన్ని చేరిన బాలికలలో అతి పిన్నవయస్కురాలిగా గుర్తింపు పొందింది. ఏకశిలగా నిలిచిన భువనగిరి కోట కొండపై పర్వతారోహకుడు శేఖర్ బాబు బచినేపల్లి పర్యవేక్షణలో మొదలైన వారి శిక్షణ డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలోనూ, ఆపై లడఖ్ చలిలోనూ సాగింది.

ఇటువంటి యాత్రలో బృందం ఏకబిగిన పైకి పోదు. ఎత్తు పెరిగేకొద్దీ వాయుపీడనం తగ్గి, శిఖరం వద్ద ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో దాదాపు మూడో వంతే అవుతుంది కాబట్టి, ఒక శిబిరం దాకా ఎక్కి, మళ్ళీ దిగి విశ్రమిస్తూ, రక్తంలో ఎర్రకణాలు పెరిగేందుకు దేహానికి వారాల వ్యవధి ఇస్తారు. ఎనిమిది వేల మీటర్లు దాటాక దేహం ఎన్నాళ్ళున్నా అలవాటుపడలేదు కనుక ఆ ప్రాంతాన్ని మృత్యుమండలం అంటారు. అక్కడ ముందుగా బిగించిన తాళ్ళూ, సిలిండర్లలోని ఆక్సిజనూ, మార్గదర్శకుల నిర్ణయాలే ఆధారం.

ఆ తాళ్ళ, సిలిండర్ల బరువులు మోసే షెర్పాలకు, అంటే హిమాలయాలలో తరతరాలుగా నివసించే జాతివారికి, దక్కే కీర్తి వారి శ్రమకు ఏమాత్రం చాలదు. పూర్ణ బృందం టిబెట్ వైపు ఉత్తర మార్గంలో వెళ్ళిన ఆ వసంతంలోనే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబూ హిమప్రపాతంలో మంచుపెళ్ళలు విరిగిపడి 16 మంది నేపాలీలు మరణించారు. వారిలో అధికులు షెర్పాలే.