నయాపూల్ దగ్గర ఒక్కసారి బస్సు దిగండి

చార్మినార్ వెళ్లే దారిలో నయాపూల్ వస్తే మనం చేసే మొదటి పని మూసీ వాసనకి ముక్కు మూసుకోవడం. ఈసారి అక్కడ దిగి చూడండి. ఒక ఒడ్డున హైకోర్టు, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం. రెండింటి రూపకల్పనలోనూ విన్సెంట్ ఎష్ పాత్ర ఉంది.

1908 సెప్టెంబర్ 28న ఇదే మూసీ పొంగి వేలమంది చనిపోయారు. ఇప్పటి ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కినవాళ్లు బతికారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. నీళ్లని సిటీకి రాకముందే పైన ఆపాలన్నది ఆయన ప్లాన్. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అంటే మనం వీకెండ్‌లో సెల్ఫీలు దిగే గండిపేట చెరువు వరదకి వేసిన అడ్డుకట్ట అన్నమాట! ఒడ్డుని బాగుచేసే పని 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చూసుకుంది.

2020 జులైలో వాన నీళ్లు ఆసుపత్రి పాత భవనంలోకే వచ్చాయి. పేషెంట్లని ఖాళీ చేయించారు.

పాత కోడ్‌లో ఒక లైన్ తీసేసేముందు అది ఎందుకు రాశారో చూస్తాం కదా. సిటీలో ఒక పాత గోడనో, చెరువునో తీసేసేముందు కూడా అదే అడగాలి.