ఒకే ఊరికి నాలుగు పేర్లు: వెతికితే దొరికే పేజీ ఎలా ఉండాలి?

శ్రీకాకుళం వైపు ఎవరైనా "మావాడు టాటాలో ఉన్నాడు" అంటే కంపెనీ అనుకోవచ్చు, ఊరూ అనుకోవచ్చు. రైలు టికెట్ మీద ఆ ఊరు టాటానగర్. మ్యాపులో జంషెడ్‌పూర్. 1919కి ముందు ఊరి పేరు సాక్చి, రైల్వే స్టేషన్ పేరు కాలిమాటి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ఉక్కు బాగా అక్కరకొచ్చింది. అందుకు గుర్తింపుగా ఆ ఏడాది జనవరిలో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. స్టేషన్ టాటానగర్ అయింది. సాక్చి ఇప్పుడు నగరంలో ఒక పేట.

నాలుగు పేర్లున్నా మనుషులు తికమకపడరు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళ్లాలంటే టాటానగర్‌లో దిగాలని ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం ఇవి నాలుగు వేర్వేరు అక్షరాల వరసలు. అవన్నీ ఒకటేనని ఎవరో ఒకరు చెప్పాలి.

ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది కదమాలో, మా పెదనాన్న ఇంట్లో. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. జంషెడ్‌పూర్‌లో జాతీయ లోహశోధన ప్రయోగశాల ఉంది. అందరూ ఎన్‌ఎంఎల్ అంటారు. 1950 నవంబర్‌లో నెహ్రూ ప్రారంభించిన ఈ సంస్థ ఎలక్ట్రానిక్ చెత్త నుంచి లోహాలను తిరిగి రాబట్టే పద్ధతుల మీద పనిచేస్తోంది. దాని గురించి నేను తెలుగులో ఒక వ్యాసం రాశాను. పెదనాన్న ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని "పాత ఫోన్లలో బంగారం" అని అడిగారు. నా వ్యాసం రాలేదు. పాత సర్క్యూట్ బోర్డులను ఇంట్లోనే యాసిడ్‌లో ముంచి బంగారం తీయొచ్చని చెప్పే వీడియోలు వరసగా వచ్చాయి.

"ఏటమ్మా, నువ్వు రాసింది ఏదీ?" అన్నారు.

నవ్వి ఊరుకునే విషయం కాదిది. నత్రికామ్లం లోహాలతో కలిసినప్పుడు నైట్రోజన్ డయాక్సైడ్ అనే గోధుమరంగు వాయువు వెలువడుతుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మూసిన గదిలో ప్రాణాపాయం కూడా. ఆ పని ఎందుకు ప్రమాదమో నా వ్యాసంలో స్పష్టంగా ఉంది. కానీ అది చదవాల్సిన మనిషికి దొరకలేదు.

తప్పు నాదే. నా శీర్షిక "ఎలక్ట్రానిక్ వ్యర్థాల నుంచి విలువైన లోహాల పునఃప్రాప్తి". వ్యాసమంతా "స్వర్ణం", "మొబైల్ ఉపకరణాలు" అని రాసుకుపోయాను. "పాత ఫోన్లు" అనే మాట ఒక్కచోటా లేదు. "బంగారం" ఒక్కసారి, చివరి పేరాలో ఉంది. జంషెడ్‌పూర్ ఉంది గాని టాటానగర్ లేదు.

సెర్చ్ ఇంజిన్ లోపల

మనం ఒక మాట టైపు చేయగానే సెర్చ్ ఇంజిన్ ఇంటర్నెట్ అంతా తిరిగి వెతుకుతుందని చాలామంది అనుకుంటారు. అంత సమయం దానికి ఉండదు. క్రాలర్లు అనే ప్రోగ్రాములు ముందే పేజీలను చదివి, పుస్తకం చివర ఉండే పదసూచి లాంటిది తయారుచేసి పెడతాయి. ఏ మాట ఏయే పేజీల్లో ఉందో అందులో రాసి ఉంటుంది. మనం అడిగినప్పుడు చూసేది ఆ సూచినే.

ఆ తర్వాతి ప్రశ్న, దొరికిన వాటిలో ఏది ముందు? 1972లో బ్రిటిష్ శాస్త్రవేత్త కేరెన్ స్పార్క్ జోన్స్ దీనికి ఒక చక్కని మార్గం చూపారు. అన్నిచోట్లా కనిపించే మాటకు బరువు తక్కువ, అరుదైన మాటకు బరువు ఎక్కువ. ఊహకు 10,000 పేజీలు ఉన్నాయనుకుందాం. "లోహం" 5,000 పేజీల్లో ఉంటే, రెండు ఆధారంగా సంవర్గమానం తీసుకుంటే దాని బరువు 1. "బంగారం" 625 పేజీల్లో ఉంటే బరువు 4. "టాటానగర్" పది పేజీల్లోనే ఉంటే సుమారు 10. ఊరి పేరు, వస్తువు పేరు ఎందుకంత విలువైనవో ఈ లెక్కే చెబుతుంది.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ మరో కొలమానం తెచ్చారు. ఒక పేజీకి ఎన్ని మంచి పేజీల నుంచి లింకులు వస్తున్నాయన్నది కూడా లెక్కలోకి వచ్చింది. బయటి లింకులు మన చేతిలో ఉండవు. పేజీలో ఏముండాలన్నది మన చేతిలోనే ఉంది. ఈ రెండో పనికే ఆన్-పేజ్ సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అని పేరు. క్లుప్తంగా ఆన్-పేజ్ ఎస్‌ఈఓ.

ముందు బోర్డు సరిచేయాలి

రైలు ఆగగానే మనం చూసేది పసుపు బోర్డు మీది పేరు. పేజీకి టైటిల్ ట్యాగ్ అలాంటిది. ఫలితాల్లో నీలం రంగులో కనిపించే వాక్యం సాధారణంగా అక్కడి నుంచే వస్తుంది. పొడవైతే చివర తెగిపోతుంది కాబట్టి ముఖ్యమైన మాటలు మొదట్లోనే ఉండాలి. నా శీర్షికను "పాత ఫోన్లలో బంగారం: టాటానగర్ ప్రయోగశాలలో ఎలా తీస్తారు?" అని మార్చాను. పునఃప్రాప్తి అనే మాటను వదులుకోలేదు, లోపల మొదటి పేరాలో "పాత ఫోన్ల నుంచి లోహాలను తిరిగి రాబట్టడం, అంటే పునఃప్రాప్తి" అని పరిచయం చేశాను.

శీర్షిక కింద కనిపించే రెండు వరసల వివరణను మెటా డిస్క్రిప్షన్ అంటారు. దీనివల్ల ర్యాంకు పెరగదని గూగుల్ చెబుతుంది. కానీ చదివేవారు నొక్కాలా వద్దా అని తేల్చుకునేది అక్కడే. ఇక కీలకపదాల జాబితాను పేజీ వెనక దాచిపెట్టే మెటా కీవర్డ్స్ పద్ధతిని ర్యాంకింగ్ కోసం వాడబోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ దానికోసం గంటలు ఖర్చుపెట్టేవారున్నారు.

ఉపశీర్షికలను పాఠకుడి ప్రశ్నల్లా రాస్తే మేలు. "ఇంట్లో యాసిడ్‌తో తీయవచ్చా?" అన్నది నా వ్యాసంలో ఇప్పుడొక ఉపశీర్షిక. దాని కింద మొదటి మాట "వద్దు".

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు

ఇంగ్లిష్‌లో ఫోన్ అనే మాట పక్కన విభక్తి విడిగా ఉంటుంది. మనకు ఫోనులో, ఫోనుకు, ఫోన్లలోంచి అని మాటకే అతుక్కుంటుంది. వాటన్నిటినీ ఒకే మాటగా గుర్తించడం యంత్రానికి సులువు కాదు. అందుకే ముఖ్యమైన మాట ఒక్కసారైనా విభక్తి లేకుండా ఉండాలి.

రెండోది కంటికి కనబడని అక్షరం. "జంషెడ్‌పూర్" అని పొల్లును విడిగా చూపించడానికి మధ్యలో ఒక వెడల్పులేని గుర్తు పడుతుంది. దానితో కలిపి ఆ పేరులో 11 యూనికోడ్ గుర్తులు. అది లేకుండా "జంషెడ్పూర్" అని రాస్తే 10. పెద్ద సెర్చ్ ఇంజిన్లు ఇలాంటి తేడాలను చాలావరకు సర్దుకుంటాయి. చిన్న వెబ్‌సైట్ల సొంత వెతుకు పెట్టెలు అన్నీ సర్దుకోవు.

మూడోది చిరునామా. "టాటానగర్"లో 8 గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కాబట్టి మొత్తం 24 బైట్లు. పేజీ చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తుతో మొదలయ్యే మూడు అక్షరాలవుతుంది. అంటే 72 అక్షరాలు! తెలుగు చిరునామా పెట్టడం తప్పేమీ కాదు గాని, వాట్సాప్‌లో పంపినప్పుడు అది కొండవీటి చాంతాడవుతుంది. రెండు మూడు మాటలతో సరిపెట్టడం మంచిది.

అన్నిటికన్నా పెద్ద నష్టం పాత ఫాంట్లది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, చాలా ఏళ్లు ఎవరి ఫాంటు వారిదే. తెర మీద తెలుగు కనిపించేది, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. అలాంటి పేజీలు, ఫోటోగా పెట్టిన కరపత్రాలు తెలుగులో వెతికేవారికి లేనట్టే.

బొమ్మ, వేగం, నిజాయతీ

బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ చూపులేనివారి స్క్రీన్ రీడర్‌కు ఉపయోగపడుతుంది. సెర్చ్ ఇంజిన్‌కూ అదే పనికొస్తుంది. "ఫోటో 1" అని కాకుండా "ముక్కలు చేసిన ఫోన్ సర్క్యూట్ బోర్డులు" అని రాయాలి. ఒకే వ్యాసం హిందీ, ఇంగ్లిష్, తెలుగుల్లో ఉంటే, అవి ఒకదానికొకటి భాషాంతరాలని చెప్పే హ్రెఫ్‌లాంగ్ గుర్తు పెట్టాలి.

వేగానికీ కొలతలున్నాయి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలని గూగుల్ సూచిస్తుంది. నా వ్యాసంలోని పెద్ద ఫోటోలను కుదించడం ఒక పూట పని.

మాటలకు బరువుందని తెలిశాక వాటిని కుక్కడం మొదలైంది. "బంగారం" అని యాభైసార్లు రాసిన పేజీలు అలా పుట్టాయి. నాసిరకం పేజీలను వెనక్కి నెట్టడానికి గూగుల్ 2011లో పాండా అనే మార్పు తెచ్చింది. 2019 నుంచి వాక్యంలో మాటల మధ్య సంబంధాన్ని పట్టుకునే బెర్ట్ నమూనాను వాడటం మొదలుపెట్టింది. అయినా యంత్రాలు నేర్చుకునేది ఉన్న పాఠ్యం నుంచే. ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగు పాఠ్యం చాలా తక్కువ. కాబట్టి మనం స్పష్టంగా రాయడం ఇక్కడ ఇంకా ఎక్కువ అవసరం.

మార్పులన్నీ చేశాక నేను వెంటనే ఫలితం చూడలేదు. క్రాలర్ మళ్లీ రావాలి, చదవాలి, సూచి మారాలి. కొన్ని వారాల తర్వాత పెదనాన్న మళ్లీ అదే మాట అడిగి చూశారు. రెండు వీడియోల కింద నా వ్యాసం ఉంది. ఆ వీడియోలు ఇంకా పైనే ఉన్నాయి. కాకపోతే "ఇంట్లో తీయవద్దు" అన్న వాక్యం ఇప్పుడు అదే తెర మీద, వాటి కిందే కనిపిస్తోంది.

మీరూ ఒక పేజీ రాస్తుంటే, ప్రచురించే ముందు ఇంట్లో పెద్దవారినొకరిని అడగండి: "దీని గురించి తెలుసుకోవాలంటే ఫోన్‌ను ఏమని అడుగుతావు?" వారు చెప్పిన మాట మీ పేజీలో ఉందో లేదో చూసుకోండి.