తుప్పు తినిన పంపు చక్రమును బాగుచేయింపవలయునా, మార్పవలయునా?

యాసంగి వరి పొట్టదశయందుండగా పంపు నిలిచిపోయినచో రైతునకు ఆలోచించుటకు వ్యవధి యుండదు. ఒక మిస్త్రీ "వెల్డింగు చేసిన చాలు" ననును. వేరొకడు "అంతయు మార్పవలె" ననును. మొదటివాని మాట నమ్మి పంట నడుమ మరల పంపు విప్పినవారును, రెండవవాని మాట నమ్మి మంచి భాగమును పాత ఇనుము క్రింద అమ్ముకొనినవారును గలరు. ఆయిలింజనుచే గాని కరెంటు మోటారుచే గాని తిరుగు పంపులోని షాఫ్టును, నీటిని విసరు ఇంపెల్లరు చక్రమును తుప్పు తినినప్పుడు రైతు తానే పరీక్షించి నిశ్చయించుకొను విధము ఇందు వివరింపబడుచున్నది.

1. కారణము తెలిసికొనుట

కారణము తెలియక చేయు ఖర్చు చిల్లికుండలో పోసిన నీటి వంటిది. ఉప్పలు, నాచారము, జవహర్‌నగరు ప్రాంతము నేడు నగరములో కలిసిపోయినను, ఉప్పలు ప్రక్కగా పోవు మూసీనది నగరపు మురుగును దిగువకు గొనిపోవుచున్నది. పీర్జాదిగూడ, ఏదులాబాదు మొదలగు గ్రామముల రైతులు చిరకాలము ఈ నీటితో పచ్చగడ్డిని, వరిని పండించుచు వచ్చిరి. మురుగునీటిలో లవణములు హెచ్చు. కుళ్లిన గ్రుడ్ల వాసనగల వాయువు కూడ అందు పుట్టును. ఈ రెండును ఇనుమును త్వరగా తినివేయును. పంపు ఆగిన పిమ్మట ఆ నీరు లోపల నిలిచియుండుట మరింత హానికరము.

కొన్నిచోట్ల చక్రము తేనెపట్టువలె గుంటలు పడును. ఇది కేవలము తుప్పు కాకపోవచ్చును. పంపు నీటిమట్టమునకు మిక్కిలి ఎత్తున నున్నచో నీటిలో ఆవిరిబుడగలు పుట్టి, చక్రముపై చితికి, లోహమును పెల్లగించును. అప్పుడు పంపులో గులకరాళ్లు దొర్లినట్లు చప్పుడు వినబడును. గాలి ఒత్తిడి నీటిని ఎత్తగల హద్దు సముద్రతీరమున 10 మీటర్లకు కొంచెము హెచ్చు. సుమారు 500 మీటర్ల ఎత్తుననున్న ఈ ప్రాంతమున అంతకు తక్కువ. గొట్టములోని రాపిడిని కూడ లెక్కించినచో 6 మీటర్లకు మించకుండుట మేలు. పంపును క్రిందికి దింపక క్రొత్త చక్రము వేసినచో అదియు పాతదాని దారినే పోవును.

2. పరీక్షించు విధము

భాగమును కిరసనాయిలులో నానబెట్టి, తీగ బ్రష్షుతో తుప్పును పూర్తిగా రాల్చవలెను. తుప్పు పైననుండగా ఏ నిర్ణయమును చేయరాదు.

(అ) పోత ఇనుప చక్రమును కత్తిమొనతో గీచి చూడవలెను. మెత్తగా తెగి, పెన్సిలు మసివలె నల్లనిపొడి రాలినచో అందలి ఇనుము పోయి ఆకారము మాత్రమే మిగిలినదని గ్రహింపవలెను.

(ఆ) షాఫ్టుకు కిరసనాయిలు పట్టించి, కొంతసేపటికి పొడిగుడ్డతో బాగుగా తుడిచి, సుద్దపొడి పూయవలెను. బీట యున్నచో అందు దాగిన నూనె పైకివచ్చి సన్నని చారగా కనబడును.

(ఇ) చక్రమును త్రాటికి వ్రేలాడదీసి కొయ్యతో మెల్లగా తట్టవలెను. గంటవలె మ్రోగక బొంగురుగా పలికినచో బీటను శంకింపవలెను.

3. బాగుచేయదగినవి, తగనివి

రాపిడిలేని చోట పైపై తుప్పు మాత్రమే యున్నచో శుభ్రపరచి రంగు వేసిన చాలును. గ్లాండు ప్యాకింగు ఒరయుచోట షాఫ్టుకు గాడి పడినచో లేతుపై చదునుచేయించి స్లీవు తొడిగింపవచ్చును. ఆయిలింజను క్రాంకు షాఫ్టుపై గుంటలు లోతులేనివైనచో 0.25 లేక 0.50 మిల్లీమీటరు అరగదీయించి, ఆ కొలతకు తగిన బేరింగులు వేయవచ్చును.

బీట కనబడిన షాఫ్టును మాత్రము వెల్డింగు చేయించి మరల వాడరాదు. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు షాఫ్టు గంటకు 90,000 మారులు తిరుగును. ప్రతి చుట్టునకు దానిపై బరువు అటునిటు మారుచుండుటచే బీట క్రమముగా లోతై, తుదకు షాఫ్టు విరిగి కేసింగును కూడ పగులగొట్టును. కీ గాడి మూలలను విశేషముగా చూడవలెను.

రెక్కలు పలుచబడిన లేక చిల్లులుపడిన చక్రమును మార్చుటయే యుక్తము. పోత ఇనుమును ముందు కాచి, వెల్డింగు పిదప నిదానముగా చల్లార్పనిచో అతుకు ప్రక్కన మరల పగులును. అతుకుచే ఒకవైపు బరువెక్కిన చక్రము అదరి బేరింగులను చెరచును. చక్రమును షాఫ్టుకు బిగించి, సమముగానున్న రెండు కమ్ములపై నుంచి దొర్లించినప్పుడు ఎల్లప్పుడు ఒకే వైపు క్రిందికి వచ్చి ఆగినచో ఆ వైపు బరువు హెచ్చని తెలియును.

4. ఖర్చు లెక్క

వెలను మాత్రము చూడక, ఒక్కొక్క పంటకు పడు ఖర్చును చూడవలెను. ఉదాహరణమునకు, 1,200 రూపాయల మరమ్మతు రెండు పంటలకు వచ్చినచో పంటకు 600 రూపాయలు. 3,000 రూపాయల క్రొత్త భాగము ఆరు పంటలకు వచ్చినచో పంటకు 500 రూపాయలే. అయినను పొట్టదశలో క్రొత్తది దొరుకుట ఆలస్యమైనచో, బీటలేని పాత చక్రముతోనే ఆ పంటను గట్టెక్కించి, కోత పిదప మార్చుకొనుట దోషము కాదు.

5. జాగ్రత్తలు

క్రొత్తది కొనబోవునప్పుడు పాత భాగమును వెంట గొనిపోయి రంధ్రపు కొలతను, కీ గాడిని, రెక్కల వంపును సరిపోల్చవలెను. పంట ముగియగానే పంపులోని నీటిని పూర్తిగా వదలి, మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను. భాగము మార్చిన తేదీని, ఖర్చును ఒక పుస్తకమున వ్రాసియుంచుకొనిన రైతు మరుసటిమారు ఎవరి మాటపైనను ఆధారపడ నవసరముండదు.