పేరు తెలుగులో, వివరం ఇంగ్లీషులో

హైదరాబాదులోనైనా, డాలస్‌లోనైనా తెలుగు హోటల్ మెనూ తెరిస్తే మన వంటలు ఇంగ్లీషు వేషాల్లో కనిపిస్తాయి. గుత్తి వంకాయ 'స్టఫ్డ్ బ్రింజాల్' అవుతుంది, ఉలవచారు 'హార్స్ గ్రామ్ సూప్' అవుతుంది, పూతరేకులు 'పేపర్ స్వీట్' అవుతాయి. మాటకు మాట చూస్తే వీటిలో తప్పేమీ లేదు. అయితే మన వంట ఎరగనివాడు ఈ పేర్లు చదివితే వాడికి నోరూరదు. గుర్రం, కాగితం అన్న మాటలు విన్నాక ఆకలి పెరిగేవాళ్లు తక్కువ.

లోపం ఇంగ్లీషులో లేదు. మెనూలో ప్రతి వంటకానికీ రెండు పనులు జరగాలి. ఒకటి, దాన్ని గుర్తుపట్టి అడగడానికి ఒక పేరు ఉండాలి. రెండు, ప్లేటులోకి ఏం వస్తుందో తెలియాలి. ఈ రెండు పనులనూ రెండు మూడు ఇంగ్లీషు మాటలకే అప్పజెప్పితే రెండూ చెడతాయి.

బీజింగ్ ఏం చేసింది?

ఈ చిక్కును ప్రభుత్వ స్థాయిలో పట్టించుకున్న నగరం బీజింగ్. 2008 ఒలింపిక్స్‌కు ముందు అక్కడి హోటళ్ల మెనూలు విదేశీయులకు నవ్వులాటగా ఉండేవి. సిచువాన్ వంటకం 'ఫుచీ ఫెయ్‌పియన్'ను 'మొగుడూపెళ్లాల ఊపిరితిత్తుల ముక్కలు' అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషు చేశారు. లేత కోడిపిల్ల కూర 'శృంగారం ఎరగని కోడి' అయింది. దాంతో నగర అధికారులు రెండు వేలకు పైగా వంటకాలకు ఇంగ్లీషు పేర్లు సూచిస్తూ ఒక జాబితా తయారుచేశారు. మొదటిది 'చిల్లీ సాస్‌లో బీఫ్, ట్రైప్' అయింది, రెండోది 'స్ప్రింగ్ చికెన్' అయింది.

ఆ జాబితా వెనక ఉన్న సూత్రాలు మనకూ పనికొస్తాయి. ముఖ్యమైన దినుసు, వండిన పద్ధతి, రుచి తెలిసేలా చెప్పాలి. జనానికి అలవాటైన పేరుంటే దాన్ని మార్చకూడదు. అందుకే 'మాపో టోఫు' చైనా పేరుతోనే నిలిచింది. మాటకు మాట మారిస్తే అది మశూచి మచ్చల ముసలమ్మ వండిన టోఫు అవుతుంది. కానీ ఆ జాబితాతో కొంత నష్టమూ జరిగింది. 'చెట్టెక్కుతున్న చీమలు' అనే అందమైన పేరున్న వంటకం ఉత్త 'సేమ్యా, పంది కైమా'గా మిగిలింది. వివరం దక్కింది గాని పేరు పోయింది.

పేరుకు పేరు, వివరానికి వివరం అని విడదీస్తే ఈ నష్టం ఉండదు. పిజ్జాను, సూషీని ఎవరూ ఇంగ్లీషులోకి మార్చలేదు. జనం తిని ఆ పేర్లు నేర్చుకున్నారు. దోస, ఇడ్లీ కూడా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కాయి. రేపు పెసరట్టు ఎక్కాలంటే ఇవాళ మన మెనూల్లో అది పెసరట్టుగానే ఉండాలి.

మన ఇంగ్లీషు వేరు, వాళ్ల ఇంగ్లీషు వేరు

వివరం రాసేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. మనం ఇంగ్లీషు అనుకునే వంటింటి మాటలు చాలావాటికి బయటి దేశాల్లో వేరే అర్థం ఉంది. ములక్కాడను మనం డ్రమ్‌స్టిక్ అంటాం. అమెరికాలో డ్రమ్‌స్టిక్ అంటే కోడికాలు. శాకాహారం కింద 'డ్రమ్‌స్టిక్ సాంబార్' కనిపిస్తే అక్కడివాడు తికమకపడతాడు. బెండకాయకు మనం వాడే 'లేడీస్ ఫింగర్' అక్కడ ఒక రకం స్పాంజి బిస్కెట్ పేరును గుర్తుచేస్తుంది. ఓక్రా అంటే చాలు. వంకాయ మనకు బ్రింజాల్, అమెరికాలో ఎగ్‌ప్లాంట్, బ్రిటన్‌లో ఓబర్జీన్. పెరుగును 'కర్డ్' అంటే అక్కడ విరిగిన పాల ముద్ద అనుకుంటారు, యోగర్ట్ అనాలి. మటన్ మనకు ఎక్కువగా మేక మాంసం, బ్రిటన్‌లో అది ముదురు గొర్రె మాంసం. మేకైతే గోట్ అనే రాయాలి.

అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం చేసేది 'కర్రీ'. మనకు వేపుడు వేరు, ఇగురు వేరు, ముద్దకూర వేరు, పులుసు వేరు. నాలుగింటినీ కర్రీ అని రాస్తే తినేవాడికి నాలుగూ ఒకే మసాలా గ్రేవీలా తోస్తాయి. గోంగూరదీ అదే గొడవ. దాన్ని 'సోరెల్' అని రాస్తుంటారు. గోంగూర మందార కుటుంబపు మొక్క. అసలు సోరెల్‌కు దగ్గరి చుట్టం మన చుక్కకూర. రెండూ ఒకే మెనూలో ఉంటే ఏది ఏదో తేలదు. గోంగూరను గోంగూరగానే ఉంచి, పక్కన 'టాంగీ గ్రీన్స్' అని పులుపు సంగతి చెబితే సరిపోతుంది.

పొగడ్త వద్దు, దినుసు చెప్పండి

'డెలీషియస్', 'అథెంటిక్', 'మౌత్‌వాటరింగ్' లాంటి మాటలు తగిలిస్తే వంట రుచిగా తోస్తుందని చాలామంది నమ్మకం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త డాన్ జురాఫ్‌స్కీ, ఆయన సహచరులు అమెరికాలోని 6,500 మెనూలను పరిశీలించారు. 2014లో వచ్చిన తన పుస్తకంలో జురాఫ్‌స్కీ ఆ వివరాలు రాశారు. 'డెలీషియస్' వంటి ఉత్త పొగడ్తలు ఎక్కువగా చవక హోటళ్లలో కనిపించాయి. వంట బాగుంటుందన్న నమ్మకం ముందే ఉన్నచోట ఆ సంగతి నొక్కి చెప్పాల్సిన అవసరం రాదు. నోరూరించేవి దినుసులు, వండిన తీరు. వేయించిన వేరుశనగలు, పోపులో చిటపటలాడిన కరివేపాకు, సన్నసెగ మీద మరిగిన చారు: ఇవి చెబితే పొగడ్త అక్కర్లేదు.

దాచకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. పాయా, తలకాయ, బోటి పేర్లను మెత్తబరచాలన్న ఆశ పుడుతుంది. ఇంగ్లీషువాళ్లూ పశువుల గ్రంథుల మాంసాన్ని 'స్వీట్‌బ్రెడ్' అంటారు. అందులో తీపీ లేదు, రొట్టే లేదు. కానీ అది వాళ్ల దగ్గర తరాలుగా తెలిసిన మాట. మనం కొత్త ముసుగు కప్పితే తిన్నాక తెలిసినవాడు మళ్లీ రాడు. బోటి పక్కన 'గోట్ ట్రైప్' అని నిజమే రాయాలి.

ఇక ప్రాణం మీదికి వచ్చే విషయం. బ్రిటన్‌లో 2014 డిసెంబరు నుంచి హోటళ్లు 14 రకాల అలర్జీ దినుసుల సమాచారం ఇవ్వాలి. అందులో పాలు, వేరుశనగ, నువ్వులు, ఆవాలు, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఉన్నాయి. మన వంటింట్లో ఇవి కంటికి కనిపించకుండా తిరుగుతాయి. ఆవాలు పోపులో, ఆవపిండి ఆవకాయలో, నువ్వులు సకినాల్లో, వేరుశనగ గుత్తి వంకాయ కారంలో ఉంటాయి. డబ్బాల్లో అమ్మే ఇంగువ పొడిలో తరచు గోధుమపిండి కలిసి ఉంటుంది. ఆ సంగతి చూసుకోకుండా సాంబారు పక్కన 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయడం ప్రమాదం.

రాసే పద్ధతి

మొదటి వరుసలో తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. స్పెల్లింగ్ ఒకటే ఎంచుకుని మెనూ అంతా అదే వాడండి. రెండో వరుసలో పది పదిహేను మాటలకు మించకుండా దినుసు, వండిన తీరు, రుచి చెప్పండి.

గుత్తి వంకాయకు: 'బేబీ ఎగ్‌ప్లాంట్స్ స్టఫ్డ్ విత్ రోస్టెడ్ పీనట్, సెసమీ అండ్ కోకోనట్, స్లో కుక్డ్ ఇన్ టామరిండ్'. ఇందులో రుచీ ఉంది, అలర్జీ హెచ్చరికా ఉంది.

ఉలవచారుకు: 'డార్క్, ఎర్తీ బ్రాత్ ఆఫ్ స్లో సిమ్మర్డ్ హార్స్ గ్రామ్ అండ్ టామరిండ్, విత్ ఫ్రెష్ క్రీమ్'. హార్స్ గ్రామ్ ఇక్కడా ఉంది. కానీ పేరుగా ముందుకొచ్చినప్పుడు వెగటనిపించిన మాట, రుచుల మధ్య ఒదిగేసరికి ఉత్త దినుసు అయింది.

పూతరేకులకు: 'వేఫర్ థిన్ రైస్ షీట్స్ లేయర్డ్ విత్ ఘీ అండ్ జాగరీ'. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిజంగా అక్కడివే తెప్పిస్తుంటే ఊరి పేరూ రాయండి, కాకపోతే రాయకండి.

జున్నుకు: 'స్టీమ్డ్ కస్టర్డ్ ఆఫ్ ఫస్ట్ మిల్క్, విత్ జాగరీ అండ్ పెప్పర్'. 'కొలోస్ట్రమ్' అన్న వైద్యుల మాట భోజనాల బల్ల మీదికి తేనక్కర్లేదు.

పులిహోరకు ఇంత శ్రమ లేదు. పక్కన 'టామరిండ్ రైస్' అంటే విషయం తెలిసిపోతుంది.

అచ్చుకు ఇచ్చేముందు ఆ కాగితాన్ని ఇద్దరికి చూపించండి. ఒకరు మీ వంటమాస్టరు: రాసింది తాను వండేదేనా అని ఆయన చెప్పాలి. రెండోవారు ఆ వంట ఎన్నడూ తిననివారు: చదివాక ఏం అడగాలో వాళ్లకు తెలియాలి. ఇద్దరూ సరేనంటేనే అచ్చు వేయించండి.