మందు నీళ్లకు అన్నభేది

హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగు ఒకేచోట చేరే శుద్ధి కేంద్రం ఉంది. అక్కడ సుమారు 90 కంపెనీల మురుగును శుద్ధి చేసి బయటికి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

ఎక్కడైనా మురుగు శుద్ధిలో సింహభాగం బ్యాక్టీరియాదే. తొట్టెలోకి గాలి ఊదుతూ ఉంటే అవే మురుగును తిని బతుకుతాయి. మనకయ్యేది ప్రధానంగా కరెంటు ఖర్చు. అయితే వచ్చే నీటిలోనే బ్యాక్టీరియాను చంపే మందు ఉంటే ఏమవుతుంది? కొన్ని చస్తాయి, కొన్ని ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. నేర్చుకున్నవే నీటితోపాటు వాగులో కలుస్తాయి. ఇలాంటి నీటికి రసాయన ఆక్సీకరణ కావాలి. అంటే బ్యాక్టీరియాకు కొరుకుడుపడని అణువును ముందు రసాయనంతో విరగ్గొట్టడం.

ఈ పద్ధతుల్లో పాతది ఫెంటన్ చర్య. హెన్రీ ఫెంటన్‌కు మురుగు ఊసే లేదు. 1876లో కేంబ్రిడ్జ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు టార్టారిక్ ఆమ్లంలో (మన చింతపండు పులుపు ప్రధానంగా దానిదే) ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పైన క్షారం పోస్తే ఊదారంగు రావడం గమనించాడు. 1894లో దానిమీద వివరమైన పత్రం రాశాడు. లోపల ఏం జరుగుతోందో 1934లో హేబర్, వైస్ చెప్పారు. అమ్మోనియాతోనూ, యుద్ధంలో విషవాయువులతోనూ పేరు మోసిన హేబరే ఈయన. ఇనుము పెరాక్సైడ్‌ను చీలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుందని వారి వాదన.

ఈ రాడికల్ అచ్చోసిన ఆంబోతు. సెకనులో పది లక్షలవ వంతు కూడా బతకదు గానీ, ఆ లోపు ఎదురైన అణువు నుంచి హైడ్రోజన్‌నో ఎలక్ట్రాన్‌నో లాగేసుకుంటుంది. ఆక్సీకరణ శక్తిలో ఓజోన్, క్లోరిన్ దీని వెనకే. విచక్షణ మాత్రం లేదు. మందు అణువా, నీటిలోని బైకార్బనేటా, ఉప్పులోని క్లోరైడా అని చూడదు. మందుల కంపెనీల మురుగులో ఉప్పు దండిగా ఉంటుంది కాబట్టి, కొన్న పెరాక్సైడ్‌లో కొంత ఉప్పు పాలవుతుంది.

ల్యాబులో చేస్తే ఇలా ఉంటుంది. బీకరులో మురుగునీరు పోసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 3కు దించాలి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) వేసి కలిపి, పెరాక్సైడ్‌ను కొద్దికొద్దిగా వదలాలి. ఒక్కసారి గుమ్మరిస్తే నురగ పొంగి బల్లమీదికొస్తుంది. నీరు గోధుమరంగుకు తిరుగుతుంది, బీకరు వేడెక్కుతుంది. చివర సున్నం వేసి పీహెచ్ పెంచితే ఇనుమంతా తుప్పురంగు తునకలై అడుక్కి దిగుతుంది, పైన తేట మిగులుతుంది. అడుగున చేరిన ఆ బురదను ఏం చేయాలన్నది ఫెంటన్ పద్ధతిలో పెద్ద తలనొప్పి. ఓజోన్‌తోనో, అతినీలలోహిత కాంతీ పెరాక్సైడ్ కలిపో చేస్తే బురద ఉండదు. కాకపోతే కరెంటు బిల్లు పెరుగుతుంది, రంగునీటిలో కాంతి లోపలికి పోదు.

ఖర్చు లెక్క వేసి చూద్దాం. ఒక కిలో సీఓడీని (నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ లెక్క) పూర్తిగా ఆక్సీకరించడానికి లెక్క ప్రకారం 2.1 కిలోల పెరాక్సైడ్ కావాలి. సీఓడీ లీటరుకు 10 గ్రాములున్న వెయ్యి లీటర్ల నీటికి, 50 శాతం గాఢత ఉన్న పెరాక్సైడ్ 42 కిలోలు పోయాలి. ఏ కంపెనీ భరిస్తుంది? అందుకే నా దృష్టిలో, అన్ని కంపెనీల నీళ్లూ కలిసిపోయాక చివర్లో పెరాక్సైడ్ పోయడం డబ్బు తగలేయడమే. మందు తయారైన రియాక్టర్ దగ్గరే, మదర్ లిక్కర్ (మందును వేరుచేశాక మిగిలే ద్రవం) కొద్దిపాటిగా, చిక్కగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. అప్పుడైనా పూర్తిగా కాల్చక్కర్లేదు. బ్యాక్టీరియా తినగలిగేంత విరిస్తే చాలు.

ఎంత విరిస్తే చాలన్నదే చిక్కు. రంగు పోయిందంటే విషం పోయినట్టు కాదు. సిప్రోఫ్లోక్సాసిన్‌లో తరచు ముందు దెబ్బతినేది పైపెరజీన్ వలయం. క్వినోలోన్ భాగం చెక్కుచెదరకపోతే మందు గుణం కొంత మిగిలే ఉంటుంది. కాబట్టి సీఓడీ అంకె ఒక్కటే చాలదు, శుద్ధయిన నీటిని బ్యాక్టీరియా మీద వేసి చూడాలి.

ఆ అంకె కూడా మోసం చేస్తుంది. నీటిలో మిగిలిపోయిన పెరాక్సైడ్ సీఓడీ పరీక్షలో వాడే డైక్రోమేట్‌తో తానే చర్య జరిపి, ఫలితాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది. అది తెలియనివాళ్లు శుద్ధి చాల్లేదనుకుని ఇంకాస్త పెరాక్సైడ్ పోస్తారు, అంకె మరింత పెరుగుతుంది. ఆ నీరు అలాగే తరవాతి తొట్టెలోకి పోతే అక్కడి బ్యాక్టీరియాకూ ముప్పే. కాటలేజ్ ఎంజైమ్ కొద్దిగా కలిపితే మిగిలిన పెరాక్సైడ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. బుడగలు ఆగాకే శాంపిల్ తీయాలి.