ఒప్పించే మాటను విప్పి చూస్తే

నాటకంలోని ఒక ప్రసంగం తన మనస్సును ఏ మలుపు దగ్గర, ఏ ఉపాయంతో తిప్పిందో కనిపెట్టగల విద్యార్థిని రేపు ఏ వేదిక మీది వక్త అయినా అంత సులభంగా మోసగించలేడు.

రోమునగరంలో సీజరు హత్య జరిగి ఎంతోసేపు కాలేదు. కలవరపడిన జనం కూడలిలో గుమికూడి సంజాయిషీ అడుగుతున్నారు. హంతకులలో సజ్జనుడని పేరుపొందిన బ్రూటస్ వేదిక ఎక్కాడు. సీజరుపై తనకు ప్రేమ లేకపోలేదనీ, రోము మీది ప్రేమ అంతకంటె గొప్పదనీ వివరించాడు. జనం జేజేలు పలికారు. తరువాత అదే వేదిక మీదికి ఆంటొనీ వచ్చాడు. అతడి ప్రసంగం ముగిసేసరికి అదే జనం బ్రూటస్ ఇల్లు తగలబెట్టడానికి పరుగు తీశారు. దారిలో వారికి సిన్నా అనే కవి ఎదురయ్యాడు. కుట్రదారులలో ఒకడి పేరు కూడా సిన్నాయే. తాను ఆ సిన్నాను కానని ఈ అమాయకుడు ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. అలాగైతే చెడ్డ కవిత్వం రాసినందుకే చంపుదామన్నారు.

1599 ప్రాంతంలో షేక్స్పియరు రచించిన ‘జూలియస్ సీజరు’ మూడవ అంకంలోని ఘట్టాలివి. కొన్ని తరాలుగా మన దేశంలో ఎందరో విద్యార్థులు వీటిని చదివారు. ఆంటొనీ ప్రసంగంలోని అలంకారాలు పేర్కొనమంటే పేర్కొన్నారు. సందర్భం రాయమంటే రాశారు. మంచి మార్కులు తెచ్చుకున్నారు. కాని సిన్నా ప్రాణం తీసినదెవరు, ఏ మాట ఆ చేతులను కదిలించింది అనే ప్రశ్న మాత్రం ప్రశ్నపత్రంలో అరుదుగా కనిపిస్తుంది. నిజానికి ఈ పాఠానికి ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉన్నది.

మూడు భాషల ఊరు

ఆ ప్రశ్న అడగడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను మించిన చోటు అరుదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఇక్కడ జంక్షన్ నిర్మించింది. తరువాత పెద్ద వర్క్‌షాపు వెలసింది. 1902లో తూర్పుతీర రైలుమార్గపు ఉత్తరభాగం ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ పట్టాల వెంబడే విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలనుంచి తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం తరలివచ్చాయి. వారి పిల్లలు, మనుమలు ఇక్కడే స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపినప్పుడు, ఆ నిర్ణయం వెనుక ఖరగ్‌పూర్ తెలుగువారి గొంతు ఉన్నది.

ఇక్కడి తెలుగు పిల్ల ఇంట్లో ఉత్తరాంధ్ర యాస వింటుంది. వీధిలో హిందీ, బజారులో బెంగాలీ వింటుంది. బడిలో ఇంగ్లీషు చదువుతుంది. సరుకు అమ్మేవాడు, ఓటు అడిగేవాడు, చందా కోరేవాడు ఒక్కొక్కరు ఒక్కొక్క భాషలో ఆమెను ఒప్పించడానికి ప్రయత్నిస్తారు. భాష మారినా ఉపాయం మారదని ఇంత చిన్నవయస్సులో గమనించగల అవకాశం ఏకభాషా నగరాల పిల్లలకు సులభంగా దొరకదు.

పాత పేర్లతో కొత్త పాఠం

ఒప్పించే కళను గురించి క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలోనే అరిస్టాటిల్ ఒక గ్రంథం రచించాడు. వక్త శీలం, శ్రోతల హృదయావేశం, మాటలోని తర్కం అనే మూడు ఆధారాలను అతడు విడమరచి చూపాడు. ఇంగ్లీషు పాఠాలలో ఇప్పటికీ ఈ విభాగమే నడుస్తున్నది. అయితే తెలుగు విద్యార్థికి అంతకంటె దగ్గరి కొలబద్ద ఒకటి ఇంట్లోనే ఉన్నది. అమ్మమ్మ నోటినుంచి కూడా వినిపించే సామ దాన భేద దండోపాయాలే అవి.

ఈ నాలుగు పేర్లూ చేతికిచ్చి ఆంటొనీ ప్రసంగాన్ని మళ్ళీ చదవమంటే చిక్కుముడి చకచకా విడిపోతుంది. రోమనులను మిత్రులుగా సంబోధించడం, తాను వక్తను కానని, ముక్కుసూటి మనిషినని చెప్పుకోవడం సామం. ప్రతి పౌరునికీ డెబ్బయి అయిదు ద్రాక్మాలు, అందరికీ ఉద్యానవనాలు ఇస్తూ సీజరు రాసిన వీలునామా దానం. బ్రూటస్‌ను గౌరవనీయుడని మళ్ళీమళ్ళీ పొగుడుతూ ఆ మాట వెక్కిరింతగా వినబడేవరకు అరగదీయడం భేదం. ఇక దండం సంగతి చెప్పాలా? దాన్ని ఆంటొనీ తన చేత్తో ప్రయోగించలేదు. జనం చేతికి అందించాడు.

అసలు వేట ఇక్కడే మొదలవుతుంది. ఆంటొనీ సీజరు అంగీని ఎత్తి చూపుతూ, ఈ చిరుగు కాసియస్ బాకు చేసినది, ఈ చిరుగు కాస్కా చేసినది, ఇది బ్రూటస్ పోటు అని వేలితో చూపిస్తాడు. జనం కన్నీరు కారుస్తారు. కాని హత్య జరిగిన క్షణంలో ఆంటొనీ అక్కడ లేడు. ట్రెబోనియస్ అతడిని ముందే పక్కకు తీసుకువెళ్ళాడు. మరి ఏ చిరుగు ఎవరిదో అతడికి ఎలా తెలిసింది? రెండు పుటలు వెనక్కు తిప్పిన విద్యార్థికి ఆ విషయం తనంతట తానే దొరుకుతుంది.

మరి రెండు పుటలు ముందుకు తిప్పితే ఇంకొకటి దొరుకుతుంది. నాలుగవ అంకం ప్రారంభంలో ఆంటొనీ తన భాగస్వాములతో కూర్చుని ఎవరెవరిని చంపించాలో జాబితా రాస్తాడు. ఆ వెంటనే సీజరు వీలునామా తెప్పించమంటాడు. ఎందుకు? అందులోని దానాలలో ఖర్చు ఎంత తగ్గించవచ్చో చూడడానికి! కూడలిలో జనాన్ని ఏడిపించిన కాగితం గదిలోకి వచ్చేసరికి లెక్కల చిట్టాగా మారిపోయింది.

బ్రూటస్ ప్రసంగాన్నీ వదలిపెట్టకూడదు. అది వచనం, ఆంటొనీది పద్యం. బ్రూటస్ తర్కాన్ని నమ్ముకున్నాడు. రాజు కాబోయే ఒకణ్ణి చంపానని అతడు చెప్పగా విన్న జనంలో ఒకడు, అయితే ఈ బ్రూటస్‌నే సీజరును చేద్దామని అరుస్తాడు. అంటే జనం ఒప్పుకున్నారే గాని అర్థం చేసుకోలేదు. అర్థం కాకుండా దొరికిన సమ్మతి ఎంత బలహీనమో తరువాతి క్షణాలు నిరూపించాయి.

దుర్యోధనుడొక్కడు తప్ప

రోము దూరమనిపిస్తే హస్తినాపురానికి రావచ్చు. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయాలు’ తెలుగునాట అనేక దశాబ్దాలపాటు ఊరూరా ప్రదర్శితమైంది. అందులోని రాయబార ఘట్టం ఒప్పించే కళకు పాఠ్యగ్రంథమే. కృష్ణుడు కౌరవసభలో బంధుత్వం గుర్తు చేస్తాడు. ధృతరాష్ట్రుడిలోని తండ్రిని తట్టి లేపుతాడు. కోరికను తగ్గించుకుంటూ వస్తాడు. చివరకు యుద్ధఫలాన్ని కళ్ళకు కట్టిస్తాడు. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేస్తారు. చిత్రమేమంటే ఆ పద్యాలకు సభలో, నాటకశాలలో అందరూ కరిగిపోతారు. కరగవలసిన దుర్యోధనుడొక్కడే కరగడు. ఎంత గొప్ప మాటకైనా శ్రోత తలుపు మూసుకుంటే ప్రవేశం లేదని ఇంతకంటె స్పష్టంగా చెప్పే దృశ్యం మరొకటి లేదు.

భారతంలో సంధి విఫలమైన తరువాత కృష్ణుడు కర్ణుడిని ఏకాంతంగా కలుసుకుంటాడు. జన్మరహస్యం చెప్పి, పాండవాగ్రజుడిగా రాజ్యమే ఇస్తానంటాడు. ఇక్కడ భేదమూ దానమూ ఒకే మాటలో ఉన్నాయి. చెప్పినదంతా నిజమని కర్ణుడు అంగీకరిస్తాడు. అయినా పక్షం మారడు. దుర్యోధనుడి నిరాకరణ మూర్ఖత్వం. కర్ణుడి నిరాకరణ ఆలోచన. మాటను విని, విప్పి చూసి, తన విలువలతో తూచి, వద్దని చెప్పడం ఒక విద్య. ఆ తూకం సరియైనదా కాదా అని విద్యార్థులు వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా.

గిరీశం నేర్పే కష్టమైన పాఠం

ఖరగ్‌పూర్ పిల్లలకు అన్నిటికంటె ఆత్మీయమైన నాటకం మాత్రం ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మారిన రూపంలో మళ్ళీ వెలువడిన ఈ కృతిలో గురజాడ అప్పారావు వాడిన వాడుకభాష ఏ ప్రాంతానిదో, రైల్వే పనికి వచ్చిన అనేక కుటుంబాల భాష కూడా ఆ ప్రాంతానిదే. కోస్తా జిల్లాల విద్యార్థికి అర్థవివరణ అవసరమైన మాట ఇక్కడి విద్యార్థికి నాయనమ్మ మాటగా వినిపించవచ్చు.

గిరీశం మనిషిని చూసి మాట మారుస్తాడు. శిష్యుడు వెంకటేశం ఎదుట ఇంగ్లీషు దర్పం ఒలకబోస్తాడు. కోపిష్టి అగ్నిహోత్రావధానులు ఎదుటపడగానే ఆయనకు ప్రాణమైన కోర్టు వ్యవహారాలపై ఎక్కడలేని ఆసక్తి కనబరుస్తాడు. బాలవితంతువు బుచ్చమ్మ దగ్గర సంఘసంస్కర్త అవుతాడు. ఎవరికి ఏది ప్రియమో ముందు కనిపెట్టి, ఆ తరువాతే నోరు విప్పడం అతడి విద్య.

కాని ఈ నాటకం ఒక కష్టమైన ప్రశ్న ముందుంచుతుంది. వితంతు వివాహం మంచిదని గిరీశం చెప్పినది తప్పా? కాదు. కందుకూరి వీరేశలింగం 1881లోనే రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించాడు. గురజాడ కూడా సంస్కరణపక్షం వాడే. వాదం మంచిది, వాదించేవాడి ఉద్దేశం చెడ్డది. స్వార్థపరుడి నోట వచ్చినంతమాత్రాన సత్యం అసత్యం కాదు. అలాగే సత్యం పలికినంతమాత్రాన స్వార్థపరుడు నమ్మదగినవాడు కాడు. మాటనూ మనిషినీ విడివిడిగా తూచడం నేర్చుకున్న విద్యార్థి సగం చదువు పూర్తిచేసినట్లే.

తరగతిలో ఎలా?

ఈ పాఠానికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. క్రమం మాత్రం అవసరం. మొదటి పర్యాయం ప్రసంగాన్ని ఆపకుండా, వివరించకుండా, గట్టిగా అభినయపూర్వకంగా చదవాలి. తరగతి అంతా జనం కావాలి. బ్రూటస్ పక్షం వారు ఒకవైపు, ఆంటొనీ పక్షం వారు మరొకవైపు లేచి వెళ్ళాలి. మోసపోయిన అనుభవం లేనివాడికి మోసం గురించి చెప్పినా తలకెక్కదు. నాటకంలో మోసపోతే నష్టం లేదు.

రెండవ పర్యాయం ఒక్కొక్క విద్యార్థీ తాను ఏ మాట దగ్గర కదిలాడో గుర్తుపెట్టాలి. అక్కడ ఆగి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాట వల్ల చెప్పేవాడికి ఏమి లాభం? చెప్పకుండా దాచినది ఏమిటి? నాలో ఏ భయాన్ని, ఏ ఆశను తాకాడు? ఆలోచించుకోవడానికి నాకు వ్యవధి ఇచ్చాడా? చివరి ప్రశ్న అన్నిటిలోకి పదునైనది. తొందరపెట్టే మాటను అనుమానించడం మంచిది.

మూడవ పర్యాయం పాత్రలు తారుమారు కావాలి. బ్రూటస్ ఓడిపోకుండా ఉండాలంటే ఏమి మాట్లాడి ఉండవలసింది? విద్యార్థులే ఆ ప్రసంగాన్ని తెలుగులో రాసి చదవాలి. తాళం తయారుచేసిన చేతికి తాళం తెరవడం కూడా తెలుస్తుంది.

అనుమానం ఒక్కటే చాలదు

ఇంత నేర్పితే పిల్లలు ఎవరినీ నమ్మని శంకాపిశాచులు కారా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. దానికి సమాధానం ఖరగ్‌పూర్ చరిత్రలోనే ఉన్నది. 1920వ దశకం చివరలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు పెద్దయెత్తున ఉద్వాసనకు గురైనప్పుడు వారి పక్షాన నిలిచిన నాయకులలో వరాహగిరి వెంకటగిరి ఒకరు. బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించి, 1969లో భారత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆయనే. ఉద్యోగం పోయిన మనిషి కోపంతో ఉంటాడు. ఆ కోపాన్ని కాగడాగా మార్చడం సులభం. ఆయన నాయకత్వంలో నడచిన సమ్మె అహింసాయుతంగా నడచింది. అన్యాయానికి గురైన జనాన్ని కదిలించడానికీ, కదిలిన జనాన్ని అదుపులో ఉంచడానికీ ఒప్పించే మాటే కావాలి. ఆ మాట లేకపోతే సంఘం లేదు, సంధి లేదు, ప్రజాస్వామ్యమే లేదు.

కాబట్టి పాఠం లక్ష్యం మాటలను ద్వేషించడం కాదు. తాను దేనికి తల ఊపుతున్నదీ తెలిసి ఊపడం. కృష్ణుడు, ఆంటొనీ, గిరీశం వాడిన పనిముట్లు ఒకటే. ఒకడు యుద్ధం ఆపడానికి, ఒకడు అంతర్యుద్ధం రగిలించడానికి, మరొకడు తన పబ్బం గడుపుకోవడానికి వాటిని వాడారు.

ఖరగ్‌పూర్ స్టేషనులోని 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్‌ది దాన్ని మించేవరకు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపొందింది. అక్కడ నిలబడిన ప్రయాణికుడు ఎవరో పిలిచారని ఏ బండిలో పడితే ఆ బండిలో ఎక్కడు. ముందు అది ఎక్కడికి పోతుందో చూసుకుంటాడు. మాట విషయంలోనూ ఆ ఒక్క అలవాటు చేసుకున్న పౌరులు పదిమంది ఆనాడు రోము కూడలిలో ఉండి ఉంటే, ఆ కవి సిన్నా క్షేమంగా ఇల్లు చేరేవాడేమో!