ఈస్టు వదిలేసిన తీపి

రణస్థలం దగ్గర హైవే దిగి సముద్రం వైపు పోతుంటే మళ్ల గట్ల మీద తాటిచెట్లు వరసకట్టి కనిపిస్తాయి. మార్చిలో ఒకనాడు, మంచు ఇంకా వదలకముందే, అక్కడొక పెద్దాయన చెట్టు దిగుతుంటే కింద నిలబడి చూస్తున్నాను. నడుముకి రెండు కుండలు. ఒకదాని లోపల తెల్లగా సున్నం పూత. రెండోది నల్లగా జిడ్డోడుతూ, కడిగి ఎన్నాళ్లయిందో తెలియనట్టుంది. తాటాకు దొప్ప మడిచి ముందు సున్నం కుండలోంచి పోశాడు. కొబ్బరినీళ్లలో బెల్లం కరిగించినట్టు మెత్తటి తీపి. తర్వాత నల్ల కుండలోంచి. అదీ తీపే, కానీ నాలుక చివర చిన్న చురుకు తగిలింది, దొప్ప అంచున నురగ కట్టింది.

"ఇప్పుడే తాగీ బాబూ, ఎండెక్కితే పులిసిపోద్ది" అన్నాడు. పదకొండు గంటలకి మళ్లీ వచ్చి అదే నల్ల కుండ రుచి చూశాను. నురగ పొంగుతోంది, తీపి సగానికి పడిపోయింది, వాసన మారింది. "తియ్యగున్నంతసేపూ ఎవులైనా తాగుతారు. పులిసినాక అలవాటున్నోడే తాగుతాడు" అని నవ్వాడాయన.

ద్రాక్ష వైన్ల లోకంలో వందల ఏళ్లుగా నడుస్తున్న తగవంతా ఆయన మాటలో ఉంది. అక్కడ రెండు వర్గాలు. ఒకటి డ్రై వైన్ వర్గం. డ్రై అంటే ఇక్కడ ఎండినదని కాదు, చక్కెర దాదాపు లేనిదని. లీటరుకు నాలుగు గ్రాములకు మించి ఉండదు. రెండోది పోర్టు, మదీరా, షెర్రీలో తియ్యటి రకాల వర్గం. ఇవి బయటి నుంచి సారా పోసి బలం పెంచిన వైన్లు. మర్యాదస్తులు మెచ్చుకునేది మొదటిదాన్ని. కొత్తగా గ్లాసు పట్టుకున్నవాడి చెయ్యి పోయేది రెండోదాని మీదికి. (మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన కొట్లో విస్కీ, బ్రాందీ, బీరు దొరికినంత సులువుగా వైన్ దొరకదు. దొరికినా అది చాలావరకు పోర్టు పేరు పెట్టుకున్న తియ్యటి సరుకే.) ఎందుకిలా? నాలుక చేతకానితనమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఈ ఇష్టం వెనక చాలా రసాయనశాస్త్రం ఉంది.

ముందు కుండలో ఏం జరుగుతోందో చూద్దాం. గెల కోసిన చోటు నుంచి కారే తాటినీరులో లీటరుకు సుమారు 100 నుంచి 120 గ్రాముల చక్కెర ఉంటుంది. గాలిలోంచి, ఈగల కాళ్ల నుంచి, అన్నిటికంటే ఎక్కువగా ఆ కడగని కుండ గోడల నుంచి ఈస్టు దానిలోకి చేరుతుంది. వెంట కొన్ని బాక్టీరియాలూ వస్తాయి. ఈస్టు చక్కెరను తిని, సుమారు సగం బరువు ఆల్కహాలుగా, మిగతా సగం కార్బన్ డయాక్సైడుగా బయటికి పంపిస్తుంది. ఆ వాయువే నురగ. లెక్క వేస్తే లీటరు తాటినీరులోని చక్కెరంతా ఆల్కహాలు అయితే ఏడు శాతం దాకా రావాలి. కానీ కల్లు మామూలుగా నాలుగు నుంచి ఆరు శాతం దగ్గరే ఉంటుంది. బాక్టీరియాలు తమ వాటా చక్కెరని లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాలుగా మార్చేస్తాయి. పైగా పులియడం పూర్తయ్యేదాకా ఆగేవాళ్లెవరు?

అంటే తీపీ మత్తూ ఒకే ఖజానా నుంచి రావాలి. ఒకటి పెరిగితే రెండోది తరగాల్సిందే. పండిన ద్రాక్ష రసంలో లీటరుకు 200 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. అదంతా ఈస్టు తినేస్తే 12, 13 శాతం ఆల్కహాలుతో డ్రై వైన్ మిగులుతుంది. తీపి నిలవాలంటే ఈస్టు భోజనం మధ్యలో విస్తరి లాగేయాలి.

విస్తరి లాగే పద్ధతులు మనకి పాతవే. సున్నం ఒకటి. సున్నం కలిసిన నీరు బాగా క్షారమవుతుంది. కొంచెం పులుపుండే చోట హాయిగా బతికే ఈస్టుకి అక్కడ పని సాగదు. అందుకే సున్నం కుండలోది నీరా, ఉత్త కుండలోది కల్లు. మంట ఇంకొకటి. నీరాని పొయ్యి మీద మరిగిస్తే ఈస్టు చచ్చిపోతుంది, నీరంతా ఇగిరితే తాటిబెల్లం మిగులుతుంది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే పళ్ల డాక్టరు చేసిందీ దాదాపు ఇదే. చర్చి ప్రభుభోజనంలో మత్తు లేని ద్రాక్షరసం ఉండాలన్న పట్టుదలతో సీసాలను వేడినీళ్లలో పెట్టి, లోపలి రసం పులియకుండా ఆపాడు.

మూడో పద్ధతి పోర్చుగల్‌ది. డోరో నది లోయలో ద్రాక్షరసం పులుస్తూ ఆల్కహాలు ఆరేడు శాతానికి చేరగానే, సగానికి పైగా చక్కెర ఇంకా మిగిలి ఉండగానే, ద్రాక్ష నుంచి కాచిన 77 శాతం సారా పోస్తారు. పాత లెక్కలో 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా. ఇంత ఆల్కహాలులో ఈస్టు బతకలేదు. తాను తయారుచేసే సరుకే ఈస్టుకి విషం. మామూలు ఈస్టు 15, 16 శాతం దాటితే తట్టుకోలేదు. ఫలితంగా దాదాపు 20 శాతం ఆల్కహాలు, లీటరుకు 100 గ్రాముల అటూఇటూ చక్కెర. తీపీ మత్తూ ఒకేసారి దక్కాయి.

ఆ 100 అంకె దగ్గర కాసేపు ఆగాలి. పొద్దున నేను తాగిన నీరాలో లీటరుకు 100 గ్రాముల పైచిలుకు. పోర్టులో 100 చుట్టుపక్కల. హైవే పక్క కొట్లో ఫ్రిజ్‌లో ఉన్న కోలా డ్రింకులో 106. ఒకరిని చూసి ఒకరు చేసినవి కావివి. అయినా మూడూ ఒకే చోటికి చేరాయి. చాలామంది నాలుకకి హాయిగా తోచే తీపి మోతాదు ఈ ప్రాంతంలోనే ఉండడం కాకతాళీయం కాదనిపిస్తుంది నాకు.

ఇక నాలుక సంగతి. తీపిని పసిగట్టేది ప్రధానంగా ఒకే ఒక గ్రాహకం, రెండు ప్రోటీన్లు జతకూడినది. చేదుకి మాత్రం సుమారు 25 రకాల గ్రాహకాలున్నాయి. ప్రకృతిలో తీపి అంటే పండు, తేనె, తల్లిపాలు. అన్నిటికీ ఒక్క తాళంచెవి చాలు. చేదు అంటే విషం కావచ్చు, విషాలు నానారకాలు, అందుకే కాపలా ఎక్కువ. జాకబ్ స్టైనర్ అనే శాస్త్రవేత్త 1970లలో అప్పుడే పుట్టిన పిల్లల నాలుక మీద చుక్కలు వేసి చూశాడు. తీపి చుక్కకి ముఖం విప్పారింది, చేదుకి ముడుచుకుంది. ఎవరూ నేర్పకముందే ఈ తీర్పు అయిపోయింది.

ఇప్పుడు వగరు. షడ్రుచుల్లో దానికి విడిగా పీట వేసినవాళ్లం మనం. పాశ్చాత్య శాస్త్రం దాన్ని రుచిగా కాక స్పర్శగా లెక్కిస్తుంది. నాకైతే దీనికి మంచి పాఠం పలాస దాటి ఉద్దానంలో దొరికింది. ఏప్రిల్‌లో జీడితోటల్లోకి వెళ్తే పిక్క వలుచుకుని పారేసిన పళ్లు చెట్ల కింద గుట్టలుగా పడి ఉంటాయి. బాగా ముగ్గిన పండు కొరికితే ముందు తీపి, వాసన, కారిపోయే రసం. మూడో కాటుకి నాలుక మొద్దుబారి, బుగ్గల లోపలి చర్మం పట్టుకున్నట్టయి, గొంతు పట్టేస్తుంది. జీడిపండులోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లకి అతుక్కుని వాటిని ముద్దకట్టిస్తాయి. నోటికి జారుడునిచ్చే తడిపొర పోతుంది, నాలుక అంగిలికి రాసుకుంటుంది. వగరంటే ఈ రాపిడే. మా పిల్లలు ఉప్పు అద్దుకుని తింటారు, అయినా రెండో పండు తినరు.

ఆ పండులో తీపి మొత్తం తీసేసి, వగరు మాత్రం ఉంచారనుకోండి. మొదటిసారి డ్రై రెడ్ వైన్ తాగినవాడి నోటికి తగిలేది అదే. ఎర్ర ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో టానిన్లు దండిగా ఉంటాయి. ఈస్టు చక్కెరని తింటుంది గానీ టానిన్లని ముట్టదు, ద్రాక్షలోని పులుపునీ చాలావరకు వదిలేస్తుంది. తీపి వెళ్లిపోయాక వీటిని కప్పేవాళ్లుండరు.

కప్పడం అనేది మన వంటింటి విద్యే. విజయనగరం వైపు పులుసులో బెల్లం ముక్క పడకపోతే అది పులుసే కాదు. బెల్లం వేసినంత మాత్రాన చింతపండులోని ఆమ్లం ఎక్కడికీ పోదు, కొలిచి చూస్తే అంతే ఉంటుంది. తగ్గేది పులుపు కాదు, పులుపు తెలియడం. తీపి కబురు, పులుపు కబురు కలిసి వచ్చినప్పుడు మెదడు రెండింటినీ కాస్త తగ్గించి వింటుంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వుని మింగించేదీ ఇదే సూత్రం. పోర్టులో ఉన్న పులుపు, వగరు, చేదు తక్కువేమీ కాదు. వాటి మీద బెల్లం దుప్పటి ఉంది.

ఆల్కహాలుకి సొంత రుచీ ఉంది. కొంచెం తీపి, కొంచెం చేదు, బోలెడు మంట. మిరపకాయలోని కాప్సైసిన్‌కి స్పందించే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021 నోబెల్‌కి దారితీసిన పని అది. ఆ గ్రాహకం అసలు ఉద్యోగం సుమారు 42 డిగ్రీలు దాటిన వేడిని హెచ్చరించడం. ఆల్కహాలు తగిలితే ఆ గీత 34 డిగ్రీల దగ్గరికి దిగిపోతుందని 2002లో తేలింది. మన ఒంటి వేడి 37. అంటే సారా నోట్లో పడగానే మన వేడే మనల్ని కాలుస్తున్నట్టు నాడులు గోల పెడతాయి. కారం నమిలి ఏడ్చే పిల్లాడి నోట్లో పంచదార వేస్తాం కదా, తియ్యటి వైన్‌లో పంచదార ముందే వేసి ఉంది. 20 శాతం ఆల్కహాలు గొంతులో గుచ్చుకోకుండా దిగిపోతుంది. తియ్యటి వైన్‌కి భయపడాల్సింది ఇక్కడే. ఆపమని చెప్పే ఘాటుని తీపి నోరు మూయించేస్తుంది.

అందరి నాలుకలూ ఒకటి కావు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే అమెరికన్ రసాయనవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాల్లోకి లేస్తే పక్కనున్నాయన చేదని మొత్తుకున్నాడు, ఫాక్స్‌కి ఏ రుచీ తెలియలేదు. ఆ తేడా పుట్టుకతో వచ్చే జన్యువుదని తర్వాత తేలింది. ఆ చేదు గట్టిగా తెలిసేవాళ్లలో చాలామందికి ఆల్కహాలు కూడా మరింత చేదుగా ఉంటుంది. వాళ్లు తీపిని వెతుక్కుంటే తప్పు పట్టడానికేముంది?

తీపిని వెక్కిరించినవాళ్లలో నాకు ఇష్టమైన మనిషి జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్. పోర్టు వ్యాపారంలోనే ఉన్న ఇంగ్లీషువాడు, డోరో లోయని అంగుళం అంగుళం పటం గీసినవాడు. 1844లో కరపత్రం వేసి, సారా పోయడం మోసమనీ, డోరో వైన్ చక్కెరంతా పులిసి సహజంగానే నిలబడాలనీ వాదించాడు. తోటి వ్యాపారులు మండిపడ్డారు. కొనేవాళ్లు తియ్యటిదే అడిగారు. 1861లో అదే నదిలో పడవ తిరగబడి ఆయన చనిపోయాడు. వాదనలో ఆయన ఓడిపోయాడు, పోర్టు తీపిగానే ఉండిపోయింది.

వ్యాపారులది రుచి లెక్క ఒక్కటే కాదు. మద్రాసుకి వచ్చే ఈస్టిండియా కంపెనీ ఓడలు మదీరా దీవి దగ్గర ఆగి పీపాలు ఎక్కించుకునేవి. నెలల తరబడి ఉష్ణమండలపు ఎండలో మామూలు వైన్ వెనిగర్ అయ్యేది. సారా కలిపిన మదీరా మాత్రం ఆ వేడికి ఇంకా బాగుపడేది. మన వాతావరణంలో నిలిచే వైన్ అంటే బలం పోసిన వైనే.

మరి పులుపు, వగరు ఇష్టపడేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? నేర్చుకుని వస్తారు. చిన్నప్పుడు ఉమ్మేసిన కాఫీని నలభైల్లో చక్కెర లేకుండా తాగడం లాంటిదే. ఒక రుచి వెనక మత్తో ఉత్సాహమో తెలిసిన మనుషుల సావాసమో పదేపదే వస్తే మెదడు ఆ రుచికే మార్కులు వేయడం మొదలుపెడుతుంది. సీతంపేట ఏజెన్సీలో జీలుగు కల్లు దగ్గరా అంతే, కొత్తవాడు పొద్దుటిది అడుగుతాడు, పెద్దవాళ్లు మాపటి దాకా ఆగుతారు. డ్రై వైన్ మర్యాద అంటే ఫ్రాన్సులో మాపటి కల్లే.

రణస్థలం పెద్దాయనని అదే అడిగాను: "తాతా, నువ్వేది తాగుతావు?"

"తియ్యది మాకెక్కడ రుచిస్తాది బాబూ, అది అమ్ముకోడానికి" అంటూ నల్ల కుండని అలాగే, కడగకుండా, నడుముకి కట్టుకున్నాడు. సున్నం కుండని మాత్రం బోర్లించి తోమాడు. నిన్నటి సున్నం గాలి తగిలి చచ్చిపోతుందట. నిజమే, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి అది సుద్దగా మారిపోతుంది. డబ్బాలోంచి రెండు వేళ్లతో కొత్త సున్నం తీసి, కుండ లోపల గుండ్రంగా రాసి, మోకు బిగించి చెట్టెక్కాడు.